తాళం వేసిన ఇళ్లు తెరవండి! చదువుకునే పిల్లలకు చోటివ్వండి!

నౌపడ, సంతబొమ్మాళి, టెక్కలి ప్రాంత ప్రజలకు, ఇంటి యజమానులకు, తల్లిదండ్రులకు, విద్యార్థులకు విజ్ఞప్తి



కాలేజీలు తెరిచే రోజులొచ్చాయంటే మన ప్రాంతంలో ఇంటింటా ఒకటే బెంగ. సీటు వచ్చింది సరే, పిల్లడు ఉండేదెక్కడ? ఫీజు రీయింబర్స్‌మెంటు మీద ఆశ పెట్టుకుని ఇంజనీరింగులో చేర్చిన కూలి తల్లిదండ్రులు గది అద్దె, అడ్వాన్సు, మెస్ బిల్లు దగ్గరకు వచ్చేసరికి ఆగిపోతున్నారు. ఆడపిల్ల అయితే ఆ బెంగ రెండింతలు. గది దొరక్క కాలేజీ మార్చుకునే పిల్లలు, సీటే వదులుకునే పిల్లలు మన మధ్యే ఉన్నారు. వాళ్లు పరీక్షలో తప్పలేదు. నీడ దొరక్క తప్పుకున్నారు.

అదే సమయంలో మన ఊళ్లలో ఇళ్లు ఖాళీగా ఉన్నాయి. పొట్టకూటి కోసం హైదరాబాద్, చెన్నై, విశాఖ వెళ్లినవాళ్లవి, చేపల వేట కోసం గుజరాత్‌లోని వెరావల్ దాకా పోయినవాళ్లవి. ఏడాదికి ఒకసారి సంక్రాంతికో, అమ్మవారి సంబరానికో తెరుచుకుని, మళ్లీ తాళం పడే ఇళ్లు. ఒకవైపు నీడ లేని పిల్లలు, మరోవైపు మనుషులు లేని ఇళ్లు. ఈ రెంటినీ కలపడం మన చేతుల్లో ఉన్న పని. దానికి ప్రభుత్వ నిధులు అక్కర్లేదు, కొత్త భవనాలు అక్కర్లేదు. ఊరు కూర్చుని ఒక మాట అనుకుంటే చాలు. ఈ కరపత్రం అడిగేది ఆ ఒక్క మాటే.

నౌపడే ఎందుకు?

నౌపడ మామూలు స్టేషను కాదు, జంక్షన్. హౌరా–చెన్నై ప్రధాన మార్గం ఇక్కడి నుంచే పోతుంది. ఒకవైపు పలాస, మరోవైపు కోటబొమ్మాళి, ఆమదాలవలస, ఆ పైన విజయనగరం. 1900లో పర్లాకిమిడి రాజావారు వేయించిన చిన్న పట్టాల లైను ఇక్కడి నుంచే మొదలైంది. 1931 నాటికి అది గుణుపురం చేరింది. 2004లో ఆ చిన్న బండి ఆగిపోయింది. పట్టాలు వెడల్పు చేశాక 2010లో పర్లాకిమిడి వరకు, 2011లో గుణుపురం వరకు మళ్లీ బండ్లు నడిచాయి.

ఆ లైను మీద ఉన్న ఊళ్లను చూడండి. టెక్కలిలో ప్రభుత్వ డిగ్రీ కళాశాల ఉంది, 2001లో మొదలైన ఆదిత్య ఇంజనీరింగ్ కళాశాల ఉంది. పాతపట్నం దాటి పర్లాకిమిడి వెళితే 1896 నాటి కృష్ణచంద్ర గజపతి కళాశాల, 2010లో విశ్వవిద్యాలయంగా మారిన సెంచూరియన్ ఉన్నాయి. చివర గుణుపురంలో మరో ఇంజనీరింగ్ విశ్వవిద్యాలయం. ప్రధాన మార్గంలో ఆమదాలవలసలో దిగితే శ్రీకాకుళం కాలేజీలు, ఎచ్చెర్లలో 2008లో ఏర్పడిన అంబేద్కర్ విశ్వవిద్యాలయం. ఇన్ని చదువుల దారులు కలిసే చోట మనం ఉన్నాం. కాలేజీ గేటు ముందున్న గదికి అడిగినంత అద్దె ఇవ్వలేని పిల్లలకు నౌపడ, చుట్టుపక్కల పల్లెలు సహజంగా నీడ కావాలి.

ఇంకో సంగతీ ఆలోచించాలి. మన సంతబొమ్మాళి మండలంలోనే మూలపేట పోర్టుకు 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగింది. పోర్టు అంటే ఇంజనీర్లు, మేస్త్రీలు, డ్రైవర్లు, గుమస్తాలు. వాళ్లందరికీ గదులు కావాలి. కంపెనీ జీతం తీసుకునేవాడు ఇచ్చే అద్దెతో విద్యార్థి పోటీ పడలేడు. ఆ పోటీ మొదలయ్యాక అద్దె తగ్గించమని ఎవరిని బతిమాలినా ఫలితం ఉండదు. కొన్ని ఇళ్లు విద్యార్థులకే అని ఊరు ఇప్పుడే నిర్ణయం చేసుకుంటే రేపు మన పిల్లలు వీధిన పడరు.

చదువుకునేవాడికి చోటివ్వడం మన నేల సంప్రదాయం

తండ్రి పోయాక విజయనగరం చేరిన గురజాడ అప్పారావును మహారాజా కళాశాల ప్రిన్సిపాల్ చంద్రశేఖర శాస్త్రి చేరదీశారు. పైసా తీసుకోకుండా తిండి, నీడ ఇచ్చారు. ఆ నీడలో ఉండే గురజాడ 1882లో మెట్రిక్ పాసయ్యారు, 1886లో బి.ఏ. పూర్తిచేశారు. ఆ తరువాత తెలుగువాళ్లకు ‘కన్యాశుల్కం’ దక్కింది. ఒక మాస్టారు తన ఇంట్లో ఒక కుర్రాడికి చోటివ్వకపోయి ఉంటే మన సాహిత్యం ఎలా ఉండేదో ఎవరూ చెప్పలేరు.

మన లైను మీదున్న పర్లాకిమిడిలో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి సవర గిరిజనుల పిల్లల కోసం సొంత డబ్బుతో బడులు పెట్టారు. హైదరాబాదులో 1918లో మొదలైన రెడ్డి హాస్టల్, ఆ తరువాత వచ్చిన ఎన్నో వసతి గృహాలు చందాల మీదే నడిచాయి. మన తాతల కాలంలో చదువుకునే పిల్లలకు వారాలు పెట్టిన ఇళ్లు ఎన్నో. సోమవారం ఒకరింట్లో, మంగళవారం ఇంకొకరింట్లో తిని చదివి పెద్ద ఉద్యోగాలు చేసినవాళ్లు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చాలామంది.

ఆనాటివాళ్లు ఉచితంగా చేశారు. ఈనాడు మేము ఉచితం అడగడం లేదు. న్యాయమైన అద్దె తీసుకోండి, కాగితం మీద రాసి తీసుకోండి అంటున్నాం. అంతే.

ఇంటి యజమానులకు

మీ భయాలు మాకు తెలుసు. ఒక్కొక్కదానికి జవాబు చెబుతాం.

“అద్దెకిస్తే ఇల్లు పోతుందేమో” అని మొదటి భయం. అద్దెకున్నవాడు తనకు ఇల్లు ఇచ్చిన యజమాని హక్కును కాదనడానికి వీల్లేదని సాక్ష్య చట్టమే చెబుతోంది. మీ దగ్గర రాతపూర్వకమైన ఒప్పందం ఉంటే ఇంకా ధైర్యం. ఒప్పందం లేకుండా నోటి మాట మీద ఇచ్చిన ఇంటితోనే చిక్కులొస్తాయి. కాబట్టి కాగితం విద్యార్థికి ఎంత రక్షణో మీకూ అంతే రక్షణ.

“మేము ఊళ్లో ఉండం, ఎవరు చూసుకుంటారు?” అన్నది రెండో భయం. వలస వెళ్లినవాళ్లు ఊళ్లో ఉన్న తమ్ముడికో, మేనమామకో, నమ్మకమైన పొరుగింటివాళ్లకో అధికారం ఇస్తూ ఉత్తరం రాసి పంపవచ్చు. అద్దె నేరుగా మీ బ్యాంకు ఖాతాలో పడే ఏర్పాటు చేసుకోండి. ఫోన్‌పేలో వచ్చిన ప్రతి రూపాయికీ లెక్క ఉంటుంది.

“కుర్రాళ్లు ఇల్లు పాడుచేస్తారు” అన్నది మూడో భయం. మనుషులు లేని ఇల్లే ఎక్కువ పాడవుతుంది. మన ఉప్పుగాలికి గడియలు తుప్పుపడతాయి, దూలాలకు చెద పడుతుంది, ఒక వానాకాలం పట్టించుకోకపోతే గోడ నానిపోతుంది. రోజూ ఊడ్చి, పొయ్యి వెలిగించి, కిటికీలు తీసే పిల్లలుంటే ఇల్లు బాగుంటుంది. చేరేటప్పుడు ఇంటి ఫొటోలు తీసి ఇద్దరూ ఉంచుకోండి. పాడైనదేదో, దానికి డబ్బు ఎవరు కట్టాలో అప్పుడు గొడవ ఉండదు.

ఇక అద్దె సంగతి. లాభం వద్దనడం లేదు. కానీ ఒక్కసారి లెక్క చూడండి. 2020 ఫిబ్రవరి 24న విజయనగరంలో మొదలుపెట్టిన వసతి దీవెన పథకంలో డిగ్రీ, ఆపై చదివేవాళ్ల తిండికీ వసతికీ కలిపి ఏడాదికి 20,000 రూపాయలు పెట్టారు. చదువు సాగే పది నెలలకు పంచితే నెలకు 2,000. తిండి కూడా అందులోనే. పేద విద్యార్థి ఎంత భరించగలడో చెప్పడానికి ఆ అంకె ఒక గీత. మీ ఇంటిని అయిదుగురు పిల్లలకు నెలకు 5,000 రూపాయలకు ఇచ్చారనుకోండి. తలకు వెయ్యి పడుతుంది. మీకు ఏడాదికి 60,000 వస్తుంది. తాళం వేసి ఉంచితే సున్నా.

అడ్వాన్సు విషయం. 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం, నివాసపు ఇళ్లకు రెండు నెలల అద్దెకు మించి అడ్వాన్సు తీసుకోకూడదని చెప్పింది. ముందుగా కనీసం 24 గంటల నోటీసు ఇవ్వకుండా యజమాని లోపలికి రాకూడదని, గొడవలొచ్చినా నీళ్లు, కరెంటు ఆపకూడదని కూడా చెప్పింది. అది రాష్ట్రాలకు ఇచ్చిన నమూనా. కానీ అందులో ఉన్న న్యాయం మన ఊళ్లో పాటించడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

కరెంటు గురించి ముఖ్యంగా చెప్పాలి. చాలా చోట్ల విద్యార్థుల దగ్గర యూనిట్‌కు పది రూపాయలు వసూలు చేస్తున్నారు. మన కరెంటు సంస్థ ఈపీడీసీఎల్ గృహ వినియోగానికి 2022-23 నుంచి వేస్తున్న రేటు ఏమిటి? మొదటి 30 యూనిట్లకు యూనిట్ 1 రూపాయి 90 పైసలు. 31 నుంచి 75 వరకు 3 రూపాయలు. 76 నుంచి 125 వరకు 4 రూపాయల 50 పైసలు. నెలకు 90 యూనిట్లు కాలిస్తే కరెంటు వాడకం లెక్క 260 రూపాయల లోపే. స్థిర చార్జీలు, సర్దుబాటు చార్జీలు దాని మీద వస్తాయి, వాటినీ పిల్లలు కడతారు. కానీ బిల్లు చూపించండి, అందులో ఉన్నదే తీసుకోండి. 90 యూనిట్లకు 900 రూపాయలు తీసుకోవడం అద్దె కాదు, దోపిడీ.

పెద్ద హాస్టళ్లు నడిపేవారికి మరో మాట. నెలకు మనిషికి 20,000 రూపాయల లోపు అద్దె ఉండి, వరసగా కనీసం 90 రోజులు ఉంటే అలాంటి వసతికి జీఎస్టీ లేదు. 2024 జూన్‌లో జీఎస్టీ కౌన్సిల్ సిఫారసు చేసింది, జూలై 15 నుంచి అమల్లోకి వచ్చింది. మా దగ్గర జీఎస్టీ పేరుతో అదనంగా వసూలు చేయకండి.

కులం అడగొద్దు

ఇది వేరుగా చెప్పక తప్పదు. గది ఉందా అని అడిగిన పిల్లాడిని ముందు “ఇంటిపేరేమిటి, ఏ ఊరు, ఏ వీధి” అని అడిగి, ఆ తరువాత “గది ఇప్పుడే ఇచ్చేశాం” అనడం మన దగ్గర జరుగుతోంది. ఆ పిల్లాడికి కారణం తెలుసు. అడిగినవారికీ తెలుసు. చదువు ఒక్కటే నిచ్చెనగా చేసుకుని పైకి రావాలనుకునే పిల్లల కింద నుంచి ఆ నిచ్చెన లాగేస్తున్నాం.

రాజ్యాంగంలోని 17వ అధికరణ అంటరానితనాన్ని రద్దు చేసింది. ఆ పేరుతో ఎవరి నివాసానికైనా అడ్డుపడటం 1955 పౌరహక్కుల రక్షణ చట్టం ప్రకారం నేరం. కానీ చట్టం గురించి చెప్పడం కంటే ముందు మనసుకే చెబుతున్నాం. దళిత, గిరిజన, మత్స్యకార, ముస్లిం, క్రైస్తవ పిల్లలకు మీ గది ఇవ్వండి. వాళ్లలో ఒకరు రేపు మీ మనవడికి పాఠం చెబుతారు, మీ జబ్బుకు మందిస్తారు, మీ ఊరి వంతెనకు ప్లాను గీస్తారు. ఎవరు ఏం తింటారో అడగడం మానండి. వాళ్లు ఏం చదువుతున్నారో అడగండి.

తల్లిదండ్రులకు

గది కోసం వెతికే ముందు ఒకటి చూసుకోండి. రోజూ ఇంటి నుంచి వెళ్లి రాగలిగితే గది ఖర్చే తప్పుతుంది. డిగ్రీ వరకు చదివే ఆడపిల్లలకు, పన్నెండో తరగతి వరకు చదివే మగపిల్లలకు ఇంటికీ విద్యాసంస్థకీ మధ్య రైల్వే సెకండ్ క్లాస్ నెల సీజన్ టికెట్ ఉచితం. మిగతా విద్యార్థులకు సీజన్ టికెట్‌లో రాయితీ ఉంది. కాలేజీ ప్రిన్సిపాల్ ధ్రువపత్రం తీసుకుని స్టేషనులో అడగండి. ఆడపిల్లలకైతే 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో రాష్ట్రంలో ప్రయాణం ఉచితం. నౌపడలోనో, పక్క ఊళ్లోనో బంధువుల ఇంట్లో ఉండి టెక్కలి వెళ్లి వచ్చే అమ్మాయికి దారి ఖర్చు ఇప్పుడు దాదాపు లేదు.

బండి వేళలు కాలేజీ వేళలతో కుదరాలి. గుణుపురం లైనులో ఒక బండి తప్పితే మరో బండి కోసం చాలాసేపు ఆగాలి. కాబట్టి పిల్లలను చేర్చే ముందు వేళలు చూసి, తప్పితే బస్సు ఉందో లేదో చూసి నిర్ణయించుకోండి.

గది చూడడానికి వెళ్లినప్పుడు పైకప్పు చూడండి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మన తీరాన్ని తాకినప్పుడు రేకుల ఇళ్ల గతి ఏమైందో టెక్కలి, సంతబొమ్మాళి, పలాసల్లో ప్రతి ఇంటికీ గుర్తుంది. ఆశ్వయుజం, కార్తీకం మన దగ్గర తుపాను కాలం. సరిగ్గా అప్పుడే పిల్లలకు సెమిస్టర్ నడుస్తుంది. మేడ మీద వేసిన రేకుల గది అద్దె తక్కువైనా అందులో పిల్లల్ని పెట్టకండి. స్లాబు ఇల్లా, తలుపులు గట్టిగా ఉన్నాయా, లోపలే మరుగుదొడ్డి ఉందా, నీళ్లు తాగడానికి పనికొస్తాయా అని చూడండి. ఉప్పు మడులకు దగ్గర ఇళ్లల్లో బోరు నీరు ఉప్పగా ఉంటుంది. తాగునీరు ఎక్కడి నుంచి వస్తుందో అడిగి తెలుసుకోండి.

ఆడపిల్లకు గది దొరకలేదని పెళ్లి మాట ఎత్తకండి. గది మేమందరం కలిసి వెతుకుతాం. పిల్లను చదవనివ్వండి.

విద్యార్థులకు

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ కరపత్రంలో మీకు చెప్పే ఈ మాట జాగ్రత్తగా చదవండి.

ఎస్సీ విద్యార్థుల పోస్ట్ మెట్రిక్ ఉపకారవేతన నిబంధనల్లో చాలా కాలంగా ఒక వెసులుబాటు ఉంది. కాలేజీ హాస్టల్‌లో చోటు దొరకని విద్యార్థులు కనీసం అయిదుగురు కలిసి ఒక ఇల్లు అద్దెకు తీసుకుని, ఉమ్మడి మెస్ పెట్టుకుని ఉంటే దాన్ని హాస్టల్‌తో సమానంగా లెక్కించవచ్చు. అందుకు కాలేజీ ప్రిన్సిపాల్ ధ్రువపత్రం కావాలి. దీనివల్ల ఏం తేడా? 2021 నుంచి అమలవుతున్న కేంద్ర రేట్ల ప్రకారం ఇంజనీరింగు లాంటి వృత్తి విద్యల్లో హాస్టల్ విద్యార్థికి ఏడాదికి 13,500 రూపాయలు, ఇంటి నుంచి వెళ్లివచ్చే విద్యార్థికి 7,000. మామూలు డిగ్రీలో హాస్టలర్‌కు 6,000, మిగతావాళ్లకు 3,000. దాదాపు రెండింతలు తేడా. మన రాష్ట్రంలో విద్యార్థులే నడుపుకునే హాస్టళ్లకు వేరే వర్గీకరణ కూడా ఉంది. ఈ ఏడాది నిబంధన ఎలా ఉందో, మీ వర్గానికి ఏది వర్తిస్తుందో సంక్షేమ శాఖ కార్యాలయంలో రాతపూర్వకంగా అడగండి. బీసీ, ఎస్టీ, మైనారిటీ విద్యార్థులూ తమ తమ సంక్షేమ శాఖల్లో ఇదే ప్రశ్న వెయ్యండి.

అంటే అయిదుగురు కలవండి. ఒక్కొక్కరూ విడివిడిగా గది కోసం తిరిగితే బ్రోకరు చెప్పిన రేటే రేటు. అయిదుగురు కలిసి ఒక ఇల్లు అడిగితే యజమాని మాట్లాడతాడు. ఉమ్మడిగా వండుకుంటే కర్రీ పాయింట్ ఖర్చు తగ్గుతుంది. నెలకు ఒక్కొక్కరు లెక్క రాయండి. బియ్యం, పప్పు, గ్యాసు, కరెంటు, అద్దె, అన్నీ ఒకే పుస్తకంలో ఉండాలి. ఆ పుస్తకమే మీ ఉమ్మడి మెస్ ఉందనడానికి రుజువు.

చేరేటప్పుడు ఇవి తప్పనిసరిగా చెయ్యండి.

ఒకటి: ఒప్పందం రాయించుకోండి. అద్దె ఎంత, అడ్వాన్సు ఎంత, ఏ తేదీకి చెల్లించాలి, ఖాళీ చేయాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి, అడ్వాన్సు ఎప్పుడు తిరిగి ఇస్తారు, ఇవన్నీ అందులో ఉండాలి.

రెండు: మీటరు రీడింగు, గోడలు, స్నానాలగది, తలుపులు ఫొటో తీసి యజమానికి కూడా పంపండి.

మూడు: అద్దె నగదుగా ఇస్తే రసీదు అడగండి. వీలైతే ఫోన్‌లోనే పంపండి.

నాలుగు: ఆధార్ నకలు అడిగితే మొదటి ఎనిమిది అంకెలు కనబడని మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. అది ఆధార్ సైటులో ఉచితంగా వస్తుంది.

అయిదు: ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరికీ తాకట్టు పెట్టకండి. అద్దె బాకీ ఉన్నా సరే, పదో తరగతి మెమో ఎవరి చేతిలోనూ పెట్టకండి.

ఆపద వస్తే 112. మహిళలకు 181. ర్యాగింగ్ అయితే 1800-180-5522. హాస్టల్ సేవ సరిగా లేకుండా మోసం జరిగితే వినియోగదారుల సహాయ కేంద్రం 1915. ఉచిత న్యాయ సహాయానికి 15100. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఈ న్యాయ సహాయం ఉచితం. ఈ నంబర్లు ఫోన్‌లో ఈరోజే పెట్టుకోండి.

మీ వైపు నుంచి కూడా కొన్ని మాటలు ఊరికి ఇవ్వాలి. రాత్రి పొద్దుపోయాక పెద్ద శబ్దం చేయకండి. చెత్త వీధిలో వేయకండి. మందు, సిగరెట్టు ఇంట్లోకి రానివ్వకండి. పొరుగు అమ్మమ్మలను, తాతలను పలకరించండి. ఊళ్లో పిల్లలకు సాయంత్రం ఒక గంట లెక్కలో, ఇంగ్లీషో చెప్పండి. అప్పుడు ఊరు మిమ్మల్ని సొంత పిల్లల్లాగే కాపాడుకుంటుంది.

మా డిమాండ్లు

1. ప్రతి పంచాయతీ కార్యాలయంలో విద్యార్థులకు అద్దెకిచ్చే ఇళ్ల జాబితా రిజిస్టరు పెట్టాలి. ఇల్లు, గదుల సంఖ్య, అద్దె, నీటి వసతి అందులో రాయాలి. ఎవరైనా వచ్చి చూసుకునేలా ఉండాలి. బ్రోకరు కమీషను దీనితో ఆగుతుంది.

2. ప్రతి కాలేజీ హాస్టల్‌లో ఎన్ని సీట్లు ఉన్నాయో, ఎంతమంది దరఖాస్తు చేశారో ప్రవేశాల సమయంలోనే నోటీసు బోర్డులో పెట్టాలి. చోటు దొరకని విద్యార్థుల ఉమ్మడి ఇళ్లను కాలేజీ వారు వచ్చి చూసి, ధ్రువపత్రం ఆలస్యం లేకుండా ఇవ్వాలి.

3. నౌపడ స్టేషను నుంచి ఊళ్లోకి, బస్సు ఆగే చోటికి వచ్చే దారిలో వీధి దీపాలు పెట్టాలి. చలికాలం ఆరింటికే చీకటి పడుతుంది. చీకట్లో నడిచి రావాల్సిన దారి ఉంటే ఆడపిల్లల తల్లిదండ్రులు ఏ గదికీ ఒప్పుకోరు.

4. గుణుపురం లైను బండ్ల వేళలు, ఆర్టీసీ బస్సుల వేళలు కాలేజీలు మొదలయ్యే, ముగిసే వేళలతో కలిసేలా అధికారులు సవరించాలి.

5. ప్రభుత్వ హాస్టళ్లలో ఖాళీలు ఉంటే ఆ సంగతి మండలంలో అందరికీ తెలిసేలా ప్రకటించాలి. పోర్టు వల్ల వచ్చే ఆదాయంలో ఈ మండలంలో చదువుకునే పిల్లల వసతి గృహం కోసం ఒక భాగం కేటాయించాలి.

ఈ వారంలో ఏం చేద్దాం?

తాళం పడ్డ ఇల్లు మీకు తెలిస్తే యజమానికి ఈరోజే ఫోను చేయండి. మాట మొదలుపెట్టడానికి మీరు ఆ ఇంటి పొరుగువాళ్లయితే చాలు. అద్దె గది కావాల్సిన విద్యార్థి తెలిస్తే అయిదుగురిని కలపండి. పంచాయతీ పెద్దలు, ఉపాధ్యాయులు, రిటైరైన ఉద్యోగులు, డ్వాక్రా సంఘాల అక్కలు కూర్చుని, ఒక్కో వీధికి ఒకరు చొప్పున ఇళ్ల లెక్క రాయండి. డ్వాక్రా అక్కలు లెక్కలు, రసీదులు ఎంత బాగా చూసుకుంటారో ఊరికి తెలుసు. రిజిస్టరు వాళ్ల చేతికి ఇస్తే సరిగ్గా సాగుతుంది.

వచ్చే ఆదివారం ఉదయం 9 గంటలకు నౌపడ రైల్వే స్టేషను ముందు కలుద్దాం. ఇళ్ల యజమానులు తమ ఇంటి వివరాలు, విద్యార్థులు తమ కాలేజీ ఐడీ కార్డు, తల్లిదండ్రులు తమ ప్రశ్నలు తీసుకురండి. అక్కడే ఒప్పందం నమూనా కాగితం ఉచితంగా ఇస్తాం. రాయడం రానివారికి అక్కడే రాసిపెడతాం. అదే రోజు మా డిమాండ్ల పత్రం మీద సంతకాలు తీసుకుని పంచాయతీకి, కాలేజీలకు, రైల్వే అధికారులకు ఇస్తాం.

పిల్లాడికి సీటు తెచ్చుకోవడం ఆ కుటుంబం పని. ఆ సీటులో కూర్చుని చదవడానికి చోటివ్వడం ఊరి పని. ఈ ఏడాది మన ప్రాంతంలో గది లేక చదువు ఆపిన పిల్లడు, పిల్ల ఒక్కరూ ఉండకూడదు. అది జరగాలంటే మీ ఇంటి తాళం చెవి ఒకటి మాకు కావాలి. ఇవ్వండి.

న్యాయమైన అద్దె – రాతపూర్వక ఒప్పందం!
అయిదుగురు కలిస్తే ఒక ఇల్లు!
కులం అడగొద్దు – చదువు అడుగు!
విద్యార్థులకు నీడ – ఊరికి భవిష్యత్తు!

ఈ కరపత్రం చదివి పక్కవారికి ఇవ్వండి. వలస వెళ్లిన బంధువులకు ఫొటో తీసి పంపండి.

ఇట్లు,
నౌపడ – టెక్కలి ప్రాంత విద్యార్థులు, తల్లిదండ్రులు